సిరిసిల్ల రోడ్డు మీద నాలుగు వందల గుర్రాలు

జగిత్యాల నుంచి హైదరాబాదుకు పోయేటోళ్లు మామూలు రోజుల్ల కోరుట్ల దిక్కు మొఖం పెట్టరు. అది వెనుకకు నడిచినట్టే. మేం మాత్రం అటే పోయినం. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై రెండు వారాలు దాటింది. బస్సులు డిపోల్లనే పండుకున్నయి. రైలు ఎప్పుడు కదులుతదో స్టేషన్ మాస్టరే చెప్పలేకపోతుండు. కరీంనగర్ రోడ్డు మీద చెట్లు నరికి అడ్డం పడేసిన్రు. నరకుమని మైకుల చెప్పినోళ్లల్ల నేనొకదాన్ని.

నేను జగిత్యాలల జూనియర్ కాలేజీ లెక్చరర్ని, ఎకనామిక్స్ చెప్పుత. సమ్మెల పాఠాలు బందై శిబిరంల ఉపన్యాసాలు మొదలైనయి. రెంటికీ పెద్ద తేడా లేదని మా పిల్లలంటరు. రెండు చోట్లా మాట్లాడేది నేనే గదా.

ఇంత సమ్మెల ప్రయాణమెందుకంటే, మా తమ్ముడు శ్రీను కోసం. వాడు పదేండ్ల సంది దుబాయిల మెకానిక్కు, ఇప్పుడు సెలవు మీద ఇంటికొచ్చిండు. ఓ ఖరీదైన కార్ల కంపెనీ వర్కుషాపుల పని. ఆ కంపెనీ కార్లల్ల ఒక రకముంటది. బయటినుంచి చూస్తె నలుగురు కూసుండే ఇంటి కారే. తొక్కితె మాత్రం పందెం కారు ఉరికినట్టు ఉరుకుతది. స్పోర్ట్స్ సెడాన్ అంటరు. మా శ్రీను వాటి పక్కన నిలబడి, బానెట్ గూడ తెరువకుండ, ఎనిమిది సిలిండర్లల్ల ఏది తప్పు పలుకుతుందో చెప్తడు. వాని నౌకరి మొత్తం వాని చెవుల మీదనే నడిచింది.

ముందటి రోజు పొద్దుగూకినంక ఫోనొచ్చింది. కంపెనీ ఇకమీద చేసే బండ్లల్ల ఇంజన్ చిన్నగ చేసి, దాని పక్కన కరెంటు మోటరు పెడుతుందట. ఆ పని నేర్పించెటందుకు పాత మెకానిక్కులల్లకెళ్లి కొందర్ని ఏరుకుంటున్రు. సెలవు మీద ఇంటికొచ్చినోళ్లకు రేపు మధ్యాహ్నం రెండింటికి హైదరాబాదుల ఇంటర్వ్యూ. అందుల తప్పినోళ్ల కాంట్రాక్టు ఈ సెలవుతోనే ఖతం.

టాక్సీ వాళ్లను అడిగితె ఒకడు రానన్నడు, ఒకడు ఫోనే ఎత్తలే. ఆఖరికి కోరుట్ల లింబాద్రి తన కారు తీసెటందుకు ఒప్పుకున్నడు. కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి మీదుగ వేములవాడ చేరితె లోపలి తొవ్వ, అడ్డంకులు తక్కువుంటయన్నడు. శ్రీను భార్య లావణ్య రాత్రి నా చెయ్యి పట్టుకున్నది. "వదినె, నువ్వు గూడ పో. నీ నోరు ముందల ఎవ్వలు నిలవడరు" అన్నది. శిబిరం నుంచి ఒక చిట్టి రాయించుకున్న, 'వీరు మనవాళ్లే, దారి ఇవ్వగలరు' అని. నా నోరు, ఆ చిట్టి, రెండూ ఉన్నయి గదా అన్న ధైర్యంతోని బయలుదేరిన.

పొద్దున ఐదు నలభైకి ఆటో ఎక్కినం. మనిషికి ముప్పై రూపాయలు, సమ్మె రేటు. కొంత దూరం పోయినంక డ్రైవరు అద్దంల నా మొఖం చూసిండు.

"మేడం, మొన్న పాత బస్టాండు కాడ నా ఆటో గాలి తీయించింది మీరే గదా?"

"ఔ, నేనే. బంద్ రోజు ఎందుకు నడిపినవు?"

"మరి ఇయ్యాల మీరెందుకు ఎక్కిన్రు?"

శ్రీను కిటికీ దిక్కు మొఖం తిప్పుకొని నవ్వుకుంటుండు. నేను చిట్టిని బ్యాగుల ఇంకింత లోపలికి తోసిన. 

ఆరు నలభైకి లింబాద్రి ఇంట్ల చాయ్ తాగినం. లింబాద్రి ప్లాట్లు అమ్ముతడు. దోస్తుల ముందట గొప్పకని హైదరాబాదుల సెకండ్ హ్యాండుల శ్రీను వాళ్ల కంపెనీ స్పోర్ట్స్ సెడానే ఒకటి కొన్నడు. కొన్న రెండు నెలలకే అందుల ఎర్ర లైటు వెలిగింది. జిల్లాల దాని పని తెలిసినోడు లేక, ఏడాది పొడుగూత తాటిపత్రి కింద పండుకుంది. పోయిన వారమే శ్రీను దాన్ని లేపిండు. అందుకే లింబాద్రి కాదనలేకపోయిండు. కాకపోతె "కారు ఒక్కదాన్ని పంపను, నేనూ వస్త" అన్నడు.

తాటిపత్రి తీస్తె లోపల ముదురు నీలం రంగుది, నేలకు జానెడెత్తు గూడ లేదు. శ్రీను తాళం తిప్పంగనే ఎదురింటి రేకులు అదిరినయి. కుక్కలు పక్క గల్లీలకు ఉరికినయి.

"నాలుగు వందల గుర్రాల బలం మేడం" అన్నడు లింబాద్రి, సీట్ల మీద తువ్వాలలు పరుచుకుంట.

ఆ గుర్రాల సంగతి మొదటి స్పీడు బ్రేకరు కాడనే తేలింది. కారు ఆగింది. బండి నడిపే శ్రీను పక్కన కూసున్న లింబాద్రి వెనుకకు తిరిగి మర్యాదగ అడిగిండు: "మేడం, జర దిగుతరా? బరువుకు కడుపు తాకుతది."

దిగిన. కారు మెల్లగ పక్కకు వంగి, ముసలి మనిషి మెట్లు దిగినట్టు దిగింది. మళ్ల ఎక్కిన. కథలాపూర్ చేరేలోపల నాలుగు సార్లు దిగి నాలుగు సార్లు ఎక్కిన.

కథలాపూర్ కాడ ఏడు యాభైకి మొదటి అడ్డంకి. ఐదుగురు పోరగాళ్లు రోడ్డు మీద బండరాళ్లు పెట్టి కూసున్నరు. కారును చూసి ఈలలేసిన్రు. నేను దిగిన. చిట్టి తీయనే లేదు.

"ఈ సమ్మె ఎందుకు చేస్తున్నమురా?"

"నీళ్లు, నిధులు, నియామకాలు" అన్నడొకడు, బడిల అప్పజెప్పినట్టు.

"నియామకాలంటె?"

"నౌకర్లు."

"నౌకరి కోసం పోయేటోన్ని ఆపితె ఎవని మీద సమ్మె చేసినట్టురా అది?"

ఒకని మొఖం ఒకడు చూసుకున్నరు. బండలు జరిగినయి. "గీమె మనకు టీచరుగ రాలేదు, మంచిగైంది" అని ఒకడు అనుకునుడు వినబడ్డది. నేను మహారాణి లెక్క కార్ల కూసున్న. లావణ్య చెప్పింది నిజమే అనుకున్న.

రుద్రంగి దిక్కు పోతున్నప్పుడు కార్ల కొట్లాట మొదలైంది. లింబాద్రికి కరెంటు మోటరు మాట వింటెనే ఒళ్లు మండుతది.

"కరెంటు కారు ఒక కారా శ్రీనన్నా? కోరుట్లల పూటకు నాలుగు సార్లు కరెంటు పోతది. బండిని గోడకు కట్టేసి కూసోవాలె."

"పెట్రోలు నీ బాయిల ఊరుతదా లింబాద్రీ?" అన్న నేను. "ఒక మనిషిని మోసెటందుకు నాలుగు వందల గుర్రాలు. ఇది ఎకనామిక్స్ గాదు, తిక్క."

"తిక్కనే మేడం. కానీ ఈ సప్పుడు వినుండ్రి. దీనికే గదా పైసలు పెట్టింది."

శ్రీను రోడ్డు మీది గుంతను తప్పించిండు. తర్వాత మెల్లగ అన్నడు: "కొత్త బండ్లు దీనికన్న జోరుగ ఉరుకుతయి. మోటరు తోస్తె సీటుకు అతుక్కపోతం. కానీ సప్పుడుండదు. సప్పుడు లేకుంటె నా చెవులెందుకు? గదే అడుగుతరు అక్కా ఇయ్యాల. నాకు జవాబు దొరుకుతలేదు."

 నేను ఏదో ధైర్యం చెప్పబోయిన. అంతల ముందట రోడ్డు మొత్తం పెసరు కట్టె కనబడ్డది.

మా దిక్కు కోసిన పెసరును రోడ్డు మీద పరుస్తరు. బస్సులు, లారీలు దాని మీదికెళ్లి పోతుంటె కాయలు పగిలి గింజ రాలుతది. సమ్మెతోని బండ్లు లేవు, గింజ రాలలే. ఒడ్డు మీద కూసున్న ముసలామె రాజవ్వ, కారును చూడంగనే దేవుడు దిగినట్టు చేతులూపింది.

"రా కొడుకా, రా! రెండు దినాల సంది ఒక్క బండి రాలే!"

పక్కకు తిరుగ జాగ లేదు. శ్రీను మెల్లగనే పోనిచ్చిండు. యాభై గజాలు దాటినంక వాని ముక్కుపుటాలు అదిరినయి. "కాలుతుంది" అన్నడు. నాకేం వాసన రాలే. కారాపి దిగి, లింబాద్రి తువ్వాల రోడ్డు మీద పరిచి కిందికి దూరిండు. ఇంజన్ కిందుండే ప్లాస్టికు పళ్లెం నిండ కట్టె ఇరికి, వేడెక్కిన పొగ గొట్టానికి ఆనుకొని పొగలేస్తుంది. ఇంకో కిలోమీటరు పోతె మంట లేచేదే.

రాజవ్వ బిందెడు నీళ్లు పట్టుకొని ఉరికొచ్చింది. శ్రీను బోల్టులూడదీసి పళ్లెం బయటికి లాగి డిక్కిల పడేసిండు. ఇస్త్రీ చేసిన తెల్లంగి మీద మసి. గడియారం చూస్తె తొమ్మిదింబావు దాటింది.

"అన్నం తిని పోండ్రి అనెటందుకు ఇంట్ల ఏం లేదు" అన్నది రాజవ్వ. "ఇంకో రెండు తిప్పులు తిప్పి పోతె పుణ్యముంటది."

"అవ్వా, ఇది ట్రాక్టరు కాదు!" లింబాద్రి గొంతు పగిలింది.

"రబ్బరు టైర్లే గదా కొడుకా."

వేములవాడ గుడి దిక్కు లింబాద్రి కండ్లు మూసుకొని దండం పెట్టిండు. శ్రీను గడియారం చూసుకుంటనే ఉన్నడు. పది ఇరవైకి సిరిసిల్ల దగ్గరికొచ్చినం. ఊరి మొదట్ల రోడ్డుకు అడ్డంగ మూడు రాళ్ల పొయ్యిలు, వరుసగ ఏడెనిమిది. వంటావార్పు. పెద్ద గంజులల్ల అన్నం ఉడుకుతుంది, డప్పులు మోగుతున్నయి, వందమందికి తక్కువ లేరు. కరెంటు లేక మరమగ్గాలన్నీ ఆగినయి. వీటిని ఇక్కడోళ్లు సాంచాలంటరు. సాంచాల కార్మికులంత రోడ్డు మీదనే ఉన్నరు.

మొదటి పొయ్యి కాడ అరవై దాటినామె, చేతుల గంటె. బీడీల ఆకు పట్టి పట్టి వేళ్లు నల్లబడ్డయి. పేరు ఎస్తేరమ్మ అని తర్వాత తెలిసింది. నేను దిగి చిట్టి చాపిన.

"జగిత్యాల శిబిరం మనిషిని అమ్మా. తొవ్వ ఇయ్యాలె. నా తమ్మునికి రెండింటికి హైదరాబాదుల నౌకరి ఇంటర్వ్యూ."

ఆమె చిట్టి ముట్టలే. "మన మనిషివే అంటివి. ఇంకేంది మరి, కూసో. వండుడైంది. తిని పోదురు."

"టైం లేదమ్మా."

"నాలుగు ముద్దలకు ఎంతసేపు?"

"వద్దమ్మా. ఆకలి లేదు."

గంటె ఆగింది. ఆమె నన్ను, నా వెనుక నీలం కారును, మళ్ల నన్ను చూసింది.

"ఆకలి లేదా? మా వాడోళ్ల చేతిది తినబుద్ధి గాదా?"

చెంప మీద కొట్టినట్టయింది. నాకు ఆ ఆలోచనే లేదు. ఉన్నదల్లా గడియారం ఒక్కటే. ఒక్క మాట చెప్పి కూసుంటె అయిపోయేది. వంటావార్పు కాడ ఆగినోళ్లందరూ బంతిల కూసుండి తినాలె, తింటెనే తొవ్వ. మా జగిత్యాల శిబిరంల గూడ గదే నియమం. పెట్టింది నేనే. పోయిన వారం నిశ్చితార్థానికి పోయే జీపును రెండు గంటలు ఆపి, తినిపిచ్చే పంపిన. అయినా నా తమ్ముని సంగతి వేరు అనిపించింది. నిలబడి మాట్లాడుడు మొదలువెట్టిన. కులం మాట ఎందుకు తెస్తవన్న. ఇరవయ్యేండ్ల సంది నేనేం చేసిన్నో చెప్పిన. కథలాపూర్ల గెలిచిన మాటలే మళ్ల తీసిన. చుట్టూ మంది చేరిన్రు. డప్పులోళ్లు గూడ దగ్గరికొచ్చి విన్నరు.

అయిపోయినంక ఎస్తేరమ్మ అన్నది: "ఉపన్యాసం మంచిగుంది మేడం. కానీ మా పప్పుల ఉప్పు సరిపోయిందో లేదో చెప్పకపోతివి."

అందరు నవ్విన్రు. నేను వెనుకకు తిరిగి చూస్తె, శ్రీను ఎప్పుడో బంతిల కూసున్నడు. ముందట విస్తారి, పచ్చిపులుసు కలుపుకుంటుండు. పక్కన లింబాద్రి, ఉంగరాల చేత్తోనే పిసుకుతుండు. శ్రీనుకు ఇటుపక్క మల్లేశం అనే సాంచాల కార్మికుడు. ఇద్దరు ముచ్చట్లల్ల పడ్డరు.

"వాళ్లు తిన్నరు గదా, పోనియ్యుండ్రి" అన్న.

"ముగ్గురొచ్చిన్రు, ముగ్గురు తినాలె" అన్నది ఎస్తేరమ్మ. పొయ్యిల కట్టె ముందుకు తోసింది.

పదకొండైంది. కూసుంటె ఓడిపోయినట్టని నిలబడ్డ. పదకొండున్నరైంది. ఎండ నెత్తి మీదికొచ్చింది. నా తమ్ముని నౌకరికి నా మోకాళ్లే అడ్డం పడ్డయని అప్పటికి నాకు తెలుసు. అయినా అవి వంగలే. ఇప్పుడు రాస్తుంటె గూడ సిగ్గైతుంది.

పదకొండు నలభైకి శ్రీను ఫోను మోగింది. వాడు లేచి నిలబడ్డడు, ఎంగిలి చెయ్యి అట్లనే ఉంది. ఇంటర్వ్యూ చేసే సారు. సాయంత్రం రోడ్లు బందైతయని భయపడి ముందే విమానానికి పోతుండట. మాట్లాడితె ఇప్పుడే, ఫోన్లనే. లేకుంటె లేదు.

"ఒక్క నిమిషం సార్" అన్నడు వాడు. డప్పుల మోతల వాని మాట వానికే వినబడుతలేదు. కారు కాడికి ఉరికిండు, ఆడ సిగ్నలు లేదు. మళ్ల పొయ్యిల మధ్యకొచ్చిండు.  నేను డప్పులోళ్ల మీదికి అరిచిన, "ఆపుండ్రి, ఆపుండ్రి!" అని. నా అరుపు గూడ ఆ మోతల కలిసిపోయింది.

ఎస్తేరమ్మ అరువలే. గంటెతోని గంజు అంచు మీద రెండు దెబ్బలు కొట్టింది. డప్పులాగినయి.

"పిలగాడు నౌకరి మాట్లాడుతుండు. ఎవ్వలు దగ్గద్దు."

వందమంది ఊరుకున్నరు. పొయ్యిల కట్టె చిటపట తప్ప రోడ్డు మీద ఇంకో సప్పుడు లేదు. ఆమె ఒక విస్తారి తెచ్చి నా ముందట పెట్టింది. చెవి కాడికి వంగి అన్నది: "ఇప్పుడెట్లనూ నోరు మూసుకోవాలె గదా బిడ్డా. తిను."

కూసున్న. మోకాళ్లు వంగినయి. పప్పుల ఉప్పు సరిపోయింది.

శ్రీను హిందీల, అంత ఇంత ఇంగ్లీషుల మాట్లాడుతుండు. ఇంజన్ సంగతులు గడగడ చెప్పిండు. బ్యాటరీ సంగతులు కొన్ని తెల్వదని ఒప్పుకున్నడు. తర్వాత చాలాసేపు విన్నడు. ఏం అడిగిన్రో వాని మొఖం చూస్తెనే తెలిసింది. సప్పుడు లేని బండి రోగం ఎట్ల పట్టుకుంటవు?

వాడు మల్లేశం దిక్కు చూసిండు.

"సార్, నేనిప్పుడు మరమగ్గాల ఊళ్లె ఉన్న. ఈడ ఇరవై సాంచాలు ఒక్క షెడ్డుల మోగుతయి, చెవులు పనిచెయ్యవు. పోగు తెగితె కాలి కింద నేల అదురు మారుతదట, గట్ల పట్టుకుంటమని ఇప్పుడే ఈయన చెప్పిండు. ఇయ్యాల పొద్దున మా కారు కింద నిప్పు రాజుకున్నప్పుడు నేను చెవితోని పట్టలే సార్, ముక్కుతోని పట్టిన. చెవులే ఉన్నయనుకున్న ఇన్నాళ్లు. చెయ్యి, కాలు, ముక్కు గూడ ఉన్నయి. మీటరు చదువుడు మీరు నేర్పుండ్రి."

 అవతల సారు ఏదో అడిగిండు. శ్రీను చుట్టూ చూసి నవ్విండు. "లేదు సార్, రూముల లేను. రోడ్డు మీద ఉన్న, వందమంది మధ్యల."

విమానం ఎక్కేలోపల చెప్తనని సారు ఫోను పెట్టేసిండు. వెంటనే డప్పులు మళ్ల మొదలైనయి, ముందటి కన్న జోరుగ. ఎస్తేరమ్మ నా విస్తారి దిక్కు చూసి, ఒక్క మెతుకు మిగలలేదని చూసుకొని, పొయ్యి పక్కకు జరిపింది. "ఇగో తొవ్వ" అన్నది. హైదరాబాదు తొవ్వ. ఇక దానితోని మాకు పని లేదు. నేను చేతులు జోడిచ్చిన. 

పన్నెండున్నరకు వెనుకకు తిరిగినం.  స్పీడు బ్రేకరు రాంగనే లింబాద్రి అడుగకముందే నేను దిగిన. శ్రీను ఫోను వాని తొడ మీద పెట్టుకొని, దాన్నే చూసుకుంట నడిపిండు.

రెండుంబావుకు రాజవ్వ పెసరు కాడికొచ్చినం. కట్టె తిరగేసి మళ్ల పరిచింది. మమ్మల్ని చూసి నిలబడ్డది, ఈసారి చేతులూపలే. లింబాద్రి "ఆపు" అన్నడు. దిగి కారు చుట్టూ తిరిగి, నేలకు వంగి కిందికి చూసిండు. "పళ్లెం తీసేసినం గదా. ఇంక ఇరుకుతదా?"

"మెల్లగ తోలితె ఇరుకదు. ఐదు నిమిషాలకోసారి ఆపి చూసుకో" అన్నడు శ్రీను.

లింబాద్రి మమ్మల్ని దింపి తనే ఎక్కిండు. నాలుగు వందల గుర్రాలు ముసలి ఎద్దు నడిచినట్టు నడిచినయి, అటు యాభై గజాలు, ఇటు యాభై గజాలు. రాజవ్వ బిందె పట్టుకొని కారు పక్కన నడిచింది. కాయలు పటపట పగులుతుంటె ఆమె "ఇటు తిప్పు, అంచు మిగిలింది" అని కారుకు తొవ్వ చూపింది. లింబాద్రి తల బయటపెట్టి "సరే అవ్వా" అంటుండు.

అప్పుడు ఫోను మోగింది. శ్రీను విన్నడు, "యెస్ సార్" అని నాలుగు సార్లన్నడు. పెట్టేసి నా దిక్కు తిరిగిండు.

"తీసుకున్నరు అక్కా. ఏడాది ట్రైనీగ. కొత్త పోరగాళ్లతోని బెంచి మీద కూసోవాలె. పాత సర్వీసు లెక్కల రాదట."

నాకు మండింది. "పదేండ్లు చేసినోన్ని ట్రైనీ అంటరా? ఆ సారు నంబరు ఇయ్యి. నేను మాట్లాడుత. సప్పుడు విని ఇంజన్ రోగం చెప్పేటోన్ని..."

"అక్కా" అన్నడు వాడు, నా చెయ్యి పట్టుకొని. "పెట్టింది ముందుగాల తిననియ్యి."

వాని అంగి మీద పొద్దటి మసి అట్లనే ఉంది. వాని కండ్లల్ల నీళ్లున్నయి, పెదవుల మీద నవ్వుంది. నేను నోరు మూసుకున్న. ఇయ్యాల రెండోసారి.

రాజవ్వ చిన్న సంచిల పెసర్లు పోసి ఇచ్చింది. కోరుట్లల లింబాద్రి కారు మీద తాటిపత్రి కప్పలే. సీట్ల మీది తువ్వాలలు మాత్రం తీసి ఉతుకుడుకు ఏసిండు. నాలుగున్నరకు ఆటో దొరికింది, మళ్ల ముప్పై రూపాయలే.

సమ్మె రోజులల్ల ఈ తొవ్వ పట్టేటోళ్లకు నేను చెప్పేదొక్కటే. రుద్రంగి దాటితె చాయ్ దొరుకదు, కథలాపూర్లనే తాగుండ్రి. సిరిసిల్ల కాడ మాత్రం ఎంత తొందరున్నా ఓ పావుగంట చేతుల పెట్టుకొని పోండ్రి. ఆడ ఆగుమంటె కూసుండ్రి. మన చిట్టి, మన మాట, మన కారు ఏదీ ఆ పావుగంటను తగ్గియ్యలేవు.

జగిత్యాల వచ్చేసరికి పొద్దు వాలుతుంది. లావణ్య గుమ్మంల నిలబడి నన్నే అడిగింది, "ఏమైంది వదినె? గట్టిగ మాట్లాడినవా?"

"లేదు" అన్న. పెసర్ల సంచి ఆమె చేతుల పెట్టిన. "వాన్నే అడుగు. వాడే మాట్లాడిండు."